వెరా పాపం

“వెరా పాపం అమ్మా” అంది మా అమ్మాయి, మామిడి టెంక చీకుతూ.

రోహిణి కార్తెలో బెజవాడ రావద్దని అందరూ చెప్పారు. వినకుండా వచ్చి, సత్యనారాయణపురంలో అమ్మ ఇంట్లో కూలర్ ముందు పడి ఉన్నాం. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులో వాళ్ల మావయ్య కొనిచ్చిన అగాథా క్రిస్టీ నవల ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ని రెండు రోజుల్లో ముగించింది పిల్ల. దానికి పదమూడేళ్లు.

“పాపం కాదూ మరి! పసివాణ్ణి చంపింది” అన్నాను. తెలుగులో పాపపుణ్యాల చర్చ జరుగుతోందని లోలోపల ఒకటే మురిపెం.

“ఆ పాపం కాదు. ఎండలో పూలమ్మే ఆవిణ్ణి చూసి అమ్మమ్మ అంటుందే, ఆ పాపం.”

నాకు ఒళ్లు మండింది. 1939లో వచ్చిన నవల కాబట్టి కథ చెప్పేస్తున్నాను, చదవనివాళ్లు క్షమించాలి. దీవిలో చిక్కిన పదిమందిలో వెరా ఒకతె. సిరిల్ అనే పిల్లవాణ్ణి చూసుకునే ఉద్యోగం ఆమెది. వాడు పోతే ఆస్తి తను ప్రేమించిన హ్యూగోకి వస్తుంది. అందుకని సముద్రంలో ఆ బండ దాకా ఈదమని పంపి, కాపాడబోయినట్టు నటించింది. హ్యూగోకి సంగతి అర్థమై దూరమైపోయాడు.

ఇలాంటి మనిషి మీద జాలేమిటని అరగంట క్లాసు పీకాను. పెళ్లికి ముందు కొమ్మూరి సాంబశివరావు నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన మా అమ్మ కూడా, వాటిలోని డిటెక్టివ్ యుగంధర్ అయితే వదిలేవాడు కాదని వంటింట్లోంచి వంతపాడింది.

“తప్పే చేసింది” అంది పిల్ల. “కానీ సముద్రం వాసన వచ్చినప్పుడల్లా తనకి అదే గుర్తొస్తుంది. ఎవరికీ చెప్పుకోలేదు. నాకు బాధేసింది.” ఆగి, గొంతు తగ్గించి, “నీ మీద కూడా నాకు కోపం రాలేదుగా” అంది.

విమానంలో నేనే దానికి పాఠం నేర్పాను, ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్తున్నానని అమ్మమ్మతో చెప్పమని. మానేసి ఏడాదిన్నరైంది. స్నేహితులు అడిగితే ఈత క్లాసు అడ్డొచ్చిందంటాను గానీ, నిజానికి ఆదివారం పొద్దున్నే కారు తీయడానికి నాకు బద్ధకం. దిగిన రోజే అమ్మ అడిగింది. పిల్ల ఒక్కసారి నా ముఖం చూసి, “వెళ్తున్నా అమ్మమ్మా” అంది. ఆ తర్వాత నాతో ఆ ఊసే ఎత్తలేదు.

పిల్లలు చదివే ఇంగ్లీషు పుస్తకాల గురించి ఇంట్లో తెలుగులో మాట్లాడండి, భాష అదే వస్తుంది అని మీకు సలహా ఇద్దామనే ఇది మొదలుపెట్టాను. వస్తుంది, నిజమే. దేనికి వాడుకుంటారో నాకిప్పుడు తెలియడం లేదు. అబద్ధం తప్పని పిల్లకి చెప్పాలా, అమ్మ దగ్గర ఒప్పుకోవాలా, రెండూ మానేసి మరో మామిడిపండు కోయాలా?

“దేనికే కోపం?” అంటూ అమ్మ బయటికి వచ్చింది.

నేను నోరు తెరిచేలోపే పిల్ల అందుకుంది. “ఏం లేదు అమ్మమ్మా, పుస్తకంలో సంగతి మాట్లాడుకుంటున్నాం.”

ఇన్నేళ్లలో అంత తడుముకోకుండా అది తెలుగులో మాట్లాడగా వినలేదు.