సెలెస్ట్ క్లాసిక్: కష్టం నిజమే, అన్యాయం మాత్రం కాదు

నల్లగొండలో గానీ, మిర్యాలగూడలో గానీ, పాలమూరులో గానీ సెలెస్ట్ క్లాసిక్ అనే కొండ ఎక్కే వీడియో గేమ్ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినోళ్ళను అడిగితే మూడు ఫిర్యాదులు చెప్తరు. ముళ్ళకు తాకకముందే పాణం పోతదంటరు. పైకి డ్యాష్ (ఒక్కసారిగా దూసుకుపోవుడు) కొడితే పక్కకు పోతదంటరు. ముప్ఫై రూమ్‌ల (ఒక్కో రూమ్ అంటే ఒక తెర నిండే అంచె) గేమ్‌కు ఇంత కష్టమెందుకు అంటరు. మొదటి రెండు తప్పు. ఆ గేమ్ కోడ్ అందరికీ కనబడేటట్టే పెట్టిన్రు. అందులో అంకెలు చూస్తే అది ఆడేటోళ్ళ దిక్కు ఎంత మొగ్గు చూపిందో తెలుస్తది. మూడోదాంట్లో కొంత నిజమున్నది గానీ వాళ్ళు చెప్పే కారణం వేరు, అసలు కారణం వేరు.

ఏ గేమ్ గురించో ముందు తేల్చుకోవాలె. పేరు కలవడంతోని చాలామంది రెండింటిని ఒకటే అనుకుంటరు. 2018లో వచ్చిన సెలెస్ట్ పెద్దది, పైసలు పెట్టి కొనాలె. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఇండీ గేమ్ (పెద్ద కంపెనీలు కాకుండ సొంతంగా చేసినోళ్ళ గేమ్) బహుమతి దానికే వచ్చింది. ఇక్కడ మాట్లాడేది దానికి ముందుదాని గురించి. మ్యాడీ థార్సన్, నోయెల్ బెర్రీ కలిసి పికో-8 మీద నాలుగు రోజుల్లో తయారు చేసి, ఉచితంగా బయటపెట్టిన చిన్న గేమ్ ఇది. పెద్ద సెలెస్ట్ దీంట్లకెల్లే పుట్టింది. పెద్దదాని మూడో అధ్యాయంలో, హోటల్లో ఒక మూలకు, ఈ చిన్నదాన్ని దాచిపెట్టిన్రు కూడా.

పికో-8 అంటే పాతకాలపు గేమ్ మిషన్ లెక్క పనిచేసే సాఫ్ట్‌వేర్. తెర 128 చుక్కల (పిక్సెళ్ళ) వెడల్పు, 128 చుక్కల ఎత్తు. 16 రంగులు. గేమ్ మొత్తం 32 కిలోబైట్లలో పట్టాలె. అందుకే బ్రౌజర్ తెరుచుకునే ఏ కంప్యూటర్ మీదనైనా ఇది నడుస్తది. కాలేజీ ల్యాబ్‌లో ఉండే పాత పీసీ చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. మెట్లు ఎక్కినట్టు 100 మీటర్ల నుంచి 3000 మీటర్ల దాకా ఒక్కో రూమ్ ఒక్కో వంద మీటర్లు. తెర పైఅంచు దాటితే ఆ రూమ్ అయిపోయినట్టే. కింద పడితే, ముల్లు గుచ్చుకుంటే అదే రూమ్ మళ్ళీ మొదటి నుంచి.

పెద్ద సెలెస్ట్ ఆడి వచ్చినోళ్ళే ఇక్కడ ఎక్కువ తడబడుతరు. కారణం దూకుడు. పెద్దదాంట్లో బటన్ ఎంతసేపు పట్టుకుంటే అంత ఎత్తుకు దూకుతది. ఇక్కడ ఎంతసేపు నొక్కినా ఒకటే ఎత్తు: సుమారు పది చుక్కలు. ఒక గడి ఎత్తు ఎనిమిది చుక్కలు. అంటే ఒక్క గడి దాటుతది, రెండు గడులు దాటది. రెండు గడుల గోడ కనబడిందంటే డ్యాష్ గానీ గోడ మీదికెల్లి దూకుడు గానీ తప్పదు. ఇది తెలియక బటన్‌ను గట్టిగా పట్టుకొని ఒకే గోడకు తలకొట్టుకునేటోళ్ళు చాలామంది. గోడను పట్టుకొని ఎక్కుడు కూడా ఇందులో లేదు. గోడ దిక్కు బాణం నొక్కి ఉంచితే జారే వేగం మాత్రం తగ్గుతది, మామూలుగా పడే వేగంలో అయిదో వంతుకు వస్తది.

ఇగ ముళ్ళ సంగతి. తెర మీద కనబడే పిల్ల బొమ్మ 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. దెబ్బ తగిలే పెట్టె మాత్రం 6 చుక్కల వెడల్పు, 5 చుక్కల ఎత్తు. పైన మూడు చుక్కలు, అంటే జుట్టు భాగం, లెక్కలోకే రాదు. ముల్లు గడి కూడా మొత్తం గడి కాదు. పైకి మొన ఉన్న ముళ్ళల్ల గడి అడుగున ఉండే మూడు చుక్కల వరసల దాకా పాదం దిగితేనే పాణం పోతది. ఇంకొక మాట: ముల్లు ఏ దిక్కుకు మొన చూపిస్తదో, ఆ మొనకు ఎదురుగా పోతేనో, ఆ వరసలో కదలకుండ ఉంటేనో చస్తరు. పైకి మొన ఉన్న ముళ్ళ మధ్యలకెల్లి మీరు పైకి పోతున్నరనుకోండి, ఏమీ కాదు. పక్కకు చూసే ముళ్ళకూ అదే నియమం. దీన్ని వాడుకుంటే కొన్ని రూమ్‌లలో ముళ్ళ మీదికెల్లే డ్యాష్ కొట్టుకుంట పోవచ్చు. "తాకకముందే చచ్చిన" అనేటోళ్ళు దాదాపుగా అందరూ కిందికి దిగేటప్పుడు చచ్చినోళ్ళే. దిగేటప్పుడు వేగం ఒక ఫ్రేమ్‌కు (తెర మీద బొమ్మ ఒక్కసారి మారే సమయానికి) రెండు చుక్కల దాకా పోతది, కంటికి ఆనేలోపే పాదం అడుగుకు చేరుతది.

అంచు దాటినంక దూకుడు కూడా ఇట్లనే. గేమ్ సెకనుకు 30 ఫ్రేమ్‌ల మీద నడుస్తది. నేల వదిలినంక 6 ఫ్రేమ్‌ల దాకా, అంటే సెకనులో అయిదో వంతు, దూకే అవకాశం ఇంకా ఉంటది. నేలకు తాకకముందే దూకుడు బటన్ నొక్కినా 4 ఫ్రేమ్‌ల దాకా గుర్తు పెట్టుకుంటది, కాలు ఆనంగనే దూకుతది. గోడ మీదికెల్లి దూకడానికి గోడకు ఆనుకోవాలని కూడా లేదు, రెండు చుక్కల దూరంలో ఉన్నా చాలు. తెర పక్క అంచులు మాత్రం గోడలు కావు. అక్కడ ఆగిపోతరు, దాని మీదికెల్లి దూకుడు రాదు.

రెండో ఫిర్యాదు దగ్గరనే ఎక్కువసేపు ఆగాలె, ఎందుకంటే సగం మంది ఆట విడిచేది ఇక్కడనే. డ్యాష్ ఎటు పోవాలన్నది బటన్ నొక్కిన ఆ ఒక్క ఫ్రేమ్‌లోనే తేలిపోతది. నొక్కంగనే గేమ్ రెండు ఫ్రేమ్‌లు బిగుసుకుంటది, కానీ ఆ బిగుసుకున్నప్పుడు మీరు నొక్కిన బాణం లెక్కలోకి రాదు. పెద్ద సెలెస్ట్‌లో డ్యాష్ నొక్కినంక కూడా దిక్కు మార్చుకునే కొద్దిపాటి వీలుంటది, ఇక్కడ లేదు. పైబాణం, డ్యాష్ ఒకేసారి నొక్కినమని మనం అనుకుంటం. వేలు ఒక్క ఫ్రేమ్ ఆలస్యమైందంటే గేమ్‌కు ఏ బాణమూ కనబడది, మొఖం ఎటు ఉంటే అటు అడ్డంగా కొడుతది. "పైకి కొడితే పక్కకు పోయింది" అనే మాట వెనుక ఉన్నది ఇదే. బాణం ముందు పట్టుకోవాలె, పట్టుకున్నంకనే డ్యాష్ నొక్కాలె. అయిదారు రూమ్‌లు కావాలని నెమ్మదిగా ఇట్ల ఆడితే చేతికి అలవాటైతది.

ఇంకొకటి చాలామంది గమనించరు. కుడి, ఎడమ బాణాలు రెండూ నొక్కి ఉంటే కుడిదే గెలుస్తది. పై, కింద రెండూ నొక్కి ఉంటే పైదే గెలుస్తది. కుడికెల్లి ఎడమకు తిరిగేటప్పుడు కుడి వేలు పూర్తిగా లేవకపోతే మనిషి కుడికే పోతడు. ఎడమకెల్లి కుడికి తిరిగేటప్పుడు ఈ ఇబ్బంది రాదు. అందుకే ఎడమకు తిరిగే రూమ్‌లే కష్టమనిపిస్తయి.

ఇవన్నీ సరిగ్గా చేసినా మూలకు (పైకి, పక్కకు కలిపి) డ్యాష్ పడకపోతే తప్పు కీబోర్డుది. తక్కువ ధర కీబోర్డులలో కొన్ని మూడు కీలు కలిపి నొక్కితే మూడోదాన్ని పట్టుకోవు. లోపల తీగలు అడ్డం, నిలువు వరసలుగా అల్లి ఉంటయి. ఒకే వరస పంచుకునే కీలు మూడు పడితే ఏది నిజంగా నొక్కిన్రో దానికి తెలియది. పరీక్ష సులువు. నోట్‌ప్యాడ్ తెరిచి పైబాణం, కుడిబాణం పట్టుకొని ఎక్స్ నొక్కండి. ఎక్స్ అక్షరం పడకపోతే మీ కీబోర్డు ఆ జతను మింగుతున్నట్టు. పైబాణం, ఎడమబాణంతోని కూడా చూడండి. పికో-8లో దూకుడుకు జెడ్, సి, ఎన్ మూడూ పనిచేస్తయి. డ్యాష్‌కు ఎక్స్, వి, ఎమ్ మూడూ పనిచేస్తయి. నోట్‌ప్యాడ్‌లో ఏ అక్షరం పడుతదో ఆ జతకు మారితే సరిపోతది, కొత్త కీబోర్డు కొనే పని లేదు. యూఎస్‌బీ జాయ్‌స్టిక్ ఉన్నోళ్ళు బటన్ల ప్యాడ్‌నే వాడాలె. కర్ర లాంటి స్టిక్‌తోని మూల దిక్కులు గురి తప్పుతయి.

ఫోన్ మీద బ్రౌజర్‌లో కూడా ఆడొచ్చు, తెర మీద బటన్లు వస్తయి. మొదటి పది రూమ్‌లకు పర్వాలేదు. ఆ తర్వాత ఫోన్‌తోని కుస్తీ పట్టొద్దని నా గట్టి సలహా. అద్దం మీద బొటనవేలికి మూల దిక్కు ఎక్కడుందో తెలియది, తప్పు మనదో బటన్‌దో తేల్చుకునే దారి ఉండది.

డ్యాష్ ఉన్నప్పుడు జుట్టు ఎర్రగా, అయిపోతే నీలంగా ఉంటది. మళ్ళా రావాలంటే నేల తాకాలె, లేదా స్ప్రింగు, గాలిబుగ్గ, స్ట్రాబెర్రీ తాకాలె. గోడను తాకితే రాదు. గాలిబుగ్గ తాకినంక రెండు సెకన్లకు మళ్ళీ పుడుతది, కాబట్టి ఒక్కోసారి గోడ మీద జారుకుంట ఆగుడే సరైన దారి. డ్యాష్ నిండుగా ఉంటే బుగ్గ పగలదు, దాని మీదికెల్లి పోయినా అది అక్కడనే ఉంటది. స్ప్రింగు పైకి కొడుతది గానీ అడ్డం వేగాన్ని అయిదో వంతుకు తగ్గిస్తది. ఉరికొచ్చి స్ప్రింగు ఎక్కినోళ్ళు ముందుకు పోతమనుకొని నిట్టనిలువుగా లేచి అదే చోట పడేది అందుకే. లేచినంక బాణం మళ్ళీ పట్టాలె. కూలిపోయే ఇటుకలు అర సెకనుకు కూలి, రెండు సెకన్లకు తిరిగొస్తయి. వాటి మీద నిలబడితేనే కాదు, పక్కకెల్లి ఒరుసుకున్నా కూలుడు మొదలైతది.

అంచు మీద ఒక పట్టు నేర్చుకుంటే చాలా రూమ్‌లు చిన్నవైతయి. నేల మీద ఉండంగనే అడ్డంగా డ్యాష్ కొట్టి, అంచు దాటంగనే దూకాలె. నేల మీదనే ఉన్నరు కాబట్టి కొట్టిన డ్యాష్ వెంటనే తిరిగొస్తది. అంచు దాటినంక 6 ఫ్రేమ్‌ల అవకాశముంటది గనుక గాలిలోకెల్లి దూకొచ్చు, డ్యాష్ వేగం కూడా కలిసొస్తది. డ్యాష్ సాగే నాలుగు ఫ్రేమ్‌లు దూకుడు పనిచేయది కాబట్టి మరీ అంచు మీద కొడితే మిగిలేది ఒకటి రెండు ఫ్రేమ్‌లే. ఒక గడి ముందు నుంచి కొట్టుడు మేలు.

స్ట్రాబెర్రీలు 18. ఇవి లేకున్నా శిఖరం చేరొచ్చు. ఇక్కడ గేమ్ చేసిన మేలు ఒకటి చాలామందికి తెలియది: స్ట్రాబెర్రీ తాకిన క్షణమే మీ ఖాతాలో పడుతది. ఆ వెంటనే ముళ్ళ మీద పడి చచ్చినా పోదు. పెద్ద సెలెస్ట్‌లో భద్రంగా నేల మీద దిగితేనే దక్కుతది కాబట్టి, అక్కడికెల్లి వచ్చినోళ్ళు ఇక్కడ కూడా తిరిగొచ్చే దారి వెతుక్కుంట అనవసరంగా కష్టపడుతరు. తాళంచెవికి ఈ సౌకర్యం లేదు. చస్తే అది పోతది, మళ్ళీ తీసుకొని పెట్టె దాకా పోవాలె. రెక్కలున్న స్ట్రాబెర్రీ మీరు ఆ రూమ్‌లో ఒక్క డ్యాష్ కొట్టినా ఎగిరిపోతది. దాన్ని ఒట్టి దూకుళ్ళతోనే పట్టాలె. మొదలు అది దొరికించుకోండి, తర్వాత డ్యాష్‌లు కొట్టుకుంట పైకి పోండి.

ఇగ మూడో ఫిర్యాదు. ముప్ఫై రూమ్‌లకు ఇంత కష్టం తగదనేటోళ్ళతోని నేను ఒప్పుకోను. చచ్చిన అర సెకనుకే రూమ్ మళ్ళీ మొదలైతది, ఒక్కో రూమ్ దారి తెలిస్తే కొన్ని సెకన్లదే. 1200 మీటర్ల దగ్గర, కొండ మీద పాణాలు పోయినోళ్ళ గుర్తుగా రాయి నిలబెట్టిన చోట, ఊపిరి పీల్చుకునే రూమ్ ఉన్నది. 2200 మీటర్ల దగ్గర పెద్ద పెట్టె తెరిస్తే రెండో డ్యాష్ వస్తది, జుట్టు ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో మెరుస్తది. అక్కడిదాకా నేర్చుకున్న కొలతలన్నీ ఆ తర్వాత మారిపోతయి. రెండు డ్యాష్‌లు ఉన్నయని వెంటవెంటనే కొట్టొద్దు, మొదటిది పూర్తిగా నెమ్మదించినంక రెండోది కొడితే దూరం ఎక్కువ వస్తది. ఇంకో ముప్ఫై రూమ్‌లు పెడితే ఈ బిగువు ఉండేది కాదు.

అసలు లోపం సేవ్ లేకపోవుడు. ట్యాబ్ మూస్తే 100 మీటర్ల నుంచే మొదలు. ఎండకాలం మన దిక్కు కరెంటు పోతే యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద 2600 మీటర్ల ఆట ఒక్క నిమిషంలో గంగపాలు. ఫోన్‌లోనైతే కాల్ వచ్చి పోయినంక బ్రౌజర్ ఆ పేజీని మళ్ళీ లోడ్ చేసే ప్రమాదముంటది. కాబట్టి ఛార్జింగ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద, ఒక్క కూర్చుడులో ఆడేటట్టు తయారై కూర్చోవాలె. ఎంటర్ గానీ పి గానీ నొక్కితే ఆట ఆగుతది, ట్యాబ్ మూయకుండ చాయ్‌కి పోయి రావచ్చు.

శిఖరం మీద జెండా దగ్గర స్ట్రాబెర్రీల లెక్క, పట్టిన సమయం, ఎన్నిసార్లు చచ్చిన్రో మూడూ కనబడుతయి. మొదటిసారి ఎక్కినోళ్ళు చావుల అంకె మీద మనసు పెట్టొద్దు. రెండోసారి స్ట్రాబెర్రీల కోసం ఎక్కుండ్రి, అప్పుడే రూమ్‌లు ఎందుకట్ల కట్టిన్రో కనబడుతది. ఆ తర్వాత 2021 జనవరిలో వచ్చిన సెలెస్ట్ క్లాసిక్ 2 ఉన్నది, అదీ ఉచితమే, అదీ పికో-8 మీదిదే. అందులో డ్యాష్ లేదు, దాని బదులు కొక్కెం విసిరి లాక్కునే పద్ధతి పెట్టిన్రు. వేళ్ళకు మళ్ళా మొదటికెల్లి నేర్పాలె.