డిక్కీలో బంగారం

2026 జనవరి 18, ఆదివారం. హన్మకొండ.

పొద్దున ఆరున్నరకే అమ్మ చిన్నిని లేపి తూకం మిషన్ ఎక్కించింది. ఏమీ తినకముందే తూగాలట, తిన్నాక తూగితే ఆ ఇడ్లీల బరువు కూడా అమ్మవారికి బాకీ పడతామట. నలభై నాలుగు కిలోలు. చిన్ని ఆ అంకె చూసి మొహం ముడుచుకుంది, అమ్మ మాత్రం చేతులు జోడించింది. 2024 వానాకాలంలో పిల్లకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు ఆస్పత్రి వరండాలో కూర్చుని మొక్కుకున్న మొక్కు ఇది. బాగైతే మేడారంలో సమ్మక్క-సారలమ్మ తల్లులకు పిల్ల ఎత్తు బంగారం, అంటే పిల్ల బరువంత బెల్లం, ఇస్తానని. జాతర 28 నుంచి 31 వరకు. ఆ నాలుగు రోజుల తొక్కిసలాట అమ్మ మోకాళ్ళతో అయ్యే పని కాదు కాబట్టి వచ్చే ఆదివారమే వెళ్ళి, దారిలో గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టి, ముందుగానే మొక్కు చెల్లించుకుని వద్దామని అనుకున్నాం.

బీట్ బజార్‌లో బెల్లం కిలో యాభై ఎనిమిది చెప్పాడు. నలభై నాలుగు కిలోలకు 2,552. మొక్కు సరుకు బేరమాడొద్దని అమ్మ ముందే నా మోచేయి గిచ్చింది, లేకపోతే ఆ యాభై రెండు రూపాయలు నేను వదిలేదాన్ని కాదు. పోయిన జాతరప్పుడు బెల్లం కొంటే ఆధార్ కార్డు అడిగారు. గుడుంబాకు పోతుందేమోనని ఎక్సైజు వాళ్ళ అనుమానం. ముద్దలన్నీ రెండు గోనె సంచుల్లో సర్ది కారు డిక్కీలో పెట్టించాం.

అక్కడి నుంచి ఇంటికి వచ్చేస్తే ఇవాళ రాసుకోవడానికి ఏమీ ఉండేది కాదు. దారిలో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. పిన్ని కొడుకు. నక్కలగుట్ట అవతల కొత్తగా కట్టిన పెద్ద కాంప్లెక్సులో తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి ఆడిట్ పనుల వల్ల నేను వెళ్ళలేకపోయాను. "అక్కా, ఇయ్యాల రాకపోతే నేను మీ ఇంటికి రాను" అన్నాడు. సరేనని బండి అటు తిప్పాను.

బేస్‌మెంట్ దగ్గర సెక్యూరిటీ అబ్బాయి డిక్కీ తెరవమన్నాడు. తెరిచాను. ఇరవై ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, సంచి మూతి కొంచెం పక్కకు జరిపి చూశాడు. ఒక్క నిమిషం ఏమీ అనలేదు. చేతిలో ఉన్న ఆ అద్దం కర్ర కింద పెట్టి, నెత్తి మీద టోపీ తీసి, రెండు చేతులు జోడించాడు.

"బంగారమా అమ్మా?"

"అవును బిడ్డా, నా మనుమరాలి ఎత్తు."

వెనకాల కారువాడు హారన్ కొడుతున్నాడు. అబ్బాయి డిక్కీని మెల్లగా, చప్పుడు కాకుండా వేశాడు. మామూలుగా వాళ్ళు ధడేల్మని వేస్తారు.

తమ్ముడి ఇల్లు బాగుంది. బాల్కనీ నుంచి దూరంగా భద్రకాళి చెరువు సన్నగా ఒక గీతలాగా కనిపిస్తుంది. అది కనిపించడానికి చదరపు అడుగుకు ఎంతో ఎక్కువ ఇచ్చాడట, ఎంతో చెప్పాడు కానీ ఇక్కడ రాయను, మా మరదలు ఎప్పుడైనా ఇది చదివితే బాగుండదు. "ఇది మిక్స్‌డ్ యూజ్ ప్రాజెక్టు పెద్దమ్మా. కింద షాపులు, నడుమ ఆఫీసులు, మీద మనం. లిఫ్ట్ ఎక్కి దిగితే సినిమా, హోటల్, బట్టలు, అన్నీ" అన్నాడు వాడు. అమ్మ చాయ్ తాగుతూ, "వరంగల్ చౌరస్తాల సేట్లందరు గట్లనే ఉన్నరు గదరా. కింద దుకాణం, మీద ఇల్లు. రాత్రి పది గొట్టినంక తలుపు కొట్టినా కిటికీలకెల్లి చక్కెర పొట్లం కిందికి ఇచ్చేటోడు" అంది. తమ్ముడు నవ్వేశాడు, వాడి బ్రోషర్ గాలి అంతా పోయింది.

కానీ తేడా ఉంది. చౌరస్తాలో కింది దుకాణం పైవాడిదే. ఇక్కడ పైన ఉన్నవాళ్ళకు కింద ఉన్నవాళ్ళు తెలియదు. ఇలాంటి చోట షాపు తీసుకున్న ఒకాయన లెక్కలు మా ఆఫీసులోనే చూస్తాం కాబట్టి లోపలి సంగతి నాకు కొంచెం తెలుసు. అద్దె ఇంత అని ఒక కనీస మొత్తం ఉంటుంది, లేదా అమ్మకాల్లో ఇంత శాతం. రెండిట్లో ఏది ఎక్కువైతే అది. దాని మీద కామన్ ఏరియా మెయింటెనెన్స్: ఆ ఏసీ, ఆ ఎస్కలేటర్, ఆ పాలరాయి తుడిచే మనిషి, అన్నీ అందులోకే వస్తాయి. రోజుకు రెండు మూడు డ్రెస్సులు అమ్మేవాడు నిలబడలేడు. అందుకే వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక షాపు మూసి "త్వరలో" అని అట్టముక్క పెట్టి ఉంటుంది. ఇవాళ అలాంటివి మూడు లెక్కపెట్టాను.

కిందికి దిగాం. చిన్నికి ఒక జాకెట్ నచ్చింది, 6,900. లోపలికి వెళ్ళి ట్యాగు తిప్పి చూసి తనే నిశ్శబ్దంగా పెట్టేసింది, పాపం. బయటికి వచ్చాక, "మమ్మీ, మామూలు షాపుల్లో అన్నీ రెండువేల నాలుగు వందల తొంభై తొమ్మిదే ఎందుకుంటాయి?" అని అడిగింది. కొనేవాళ్ళకు చవగ్గా కనిపించడం ఒక కారణం. ఇప్పుడు ఇంకొకటి కూడా తోడైంది. పోయిన సెప్టెంబర్ 22 నుంచి బట్టల మీద జీఎస్టీ మారింది. ఒక్కో పీసు ధర 2,500 దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం. అమ్మేవాడికి ఆ గీత దగ్గర ప్రాణం కొట్టుకుంటుంది. ఈ షాపుల్లో మాత్రం ఆ టెన్షన్ ఏమీ కనిపించలేదు, అన్నీ గీత దాటి చాలా దూరం వెళ్ళిపోయినవే. పది నిమిషాలు చెప్పాను. చిన్ని రెండో నిమిషంలోనే వినడం మానేసింది.

రెండో అంతస్తులో ఇంటి అలంకరణ సామాన్ల షాపు ఒకటి. దీపాలు, కుండీలు, చీకటి చీకటిగా. గోడకు ఒక జంపఖానా వేలాడదీసి ఉంది. ఎరుపు, నలుపు, పసుపు చారలు. కింద చిన్న అట్ట మీద 'వరంగల్ డర్రీ, చేనేత' అని, 18,500 అని. అమ్మ పుట్టి పెరిగింది ఈ జంపఖానాలు నేసే వరంగల్ కొత్తవాడలో. తాతయ్యది గుంట మగ్గం. నేను చూసేలోపే అమ్మ వెళ్ళి దాని అంచు పట్టుకుని వెనక్కి తిప్పేసింది. సేల్స్ అమ్మాయి పరుగెత్తుకు వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టలేదు. "ఏం చూస్తున్నారు ఆంటీ?" అంది.

"రెండు దిక్కుల ఒక్కతీరే ఉండాలె. ఉన్నది. పేక గట్టిగ కొట్టిండు, మంచి పని."

ఆ అమ్మాయిది కరీంనగర్ దగ్గర ఏదో ఊరు. కొత్తవాడ ఈ షాపు నుంచి ఆటోలో వెళ్ళేంత దూరమేనని ఆమెకు తెలియదు. అమ్మ అక్కడే నిలబడి నిలువు పోగు పడుగంటే ఏంది, అడ్డం పోగు పేకంటే ఏంది, రంగు నూలు ఎక్కడ ఎట్ల మారుస్తరు, అంతా చెప్పింది. 2018లో వీటికి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందని నేను మధ్యలో అన్నాను, ఇద్దరూ పట్టించుకోలేదు. వచ్చేటప్పుడు అమ్మ ఆ అమ్మాయితో, "గోడకు ఎందుకు కట్టిండ్రు బిడ్డా, కింద పరిస్తె గద దాని సోకు" అంది.

ఎస్కలేటర్ అంటే భయం కాబట్టి లిఫ్ట్ కోసం నిలబడ్డాం. అప్పుడు అడిగింది, "అది నేసినోనికి అండ్ల ఎంతొస్తదే?" అని. లెక్కల మనిషిని. అద్దె, కరెంటు, జీతాలు, మధ్యవాళ్ళు, ఒక్కొక్కటి తీసేస్తూ వెళ్ళాను. చివరికి చేతికి ఏమీ మిగల్లేదు, చెప్పలేకపోయాను. లిఫ్ట్ వచ్చింది.

ఇంతకీ ఈ మొత్తం కాంప్లెక్సులో అమ్మకు బాగా నచ్చింది ఏమిటంటే, బాత్రూం. రెండుసార్లు వెళ్ళింది. పట్టుకోవడానికి గోడకు స్టీలు కడ్డీ ఉందట, తడి లేదట, మంచి వాసన వస్తోందట. నాకు కొంచెం నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. హన్మకొండ చౌరస్తాకు బట్టలకు వెళ్ళాలంటే అమ్మ పొద్దటి నుంచే నీళ్ళు తాగడం మానేస్తుంది. బతుకమ్మ ముందర మూడు గంటలు షాపుల్లో తిరిగితే ఆ మూడు గంటలూ బిగబట్టుకునే ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆమెకు బజారుకు వెళ్తే తలనొప్పి వస్తుందనుకున్నాను. నీళ్ళు తాగక వచ్చే తలనొప్పి అది. ఇవాళ రెండు గ్లాసులు తాగి, తివాచీ పరిచిన బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఇరవై నిమిషాలు ఎవరూ లేవమనలేదు, ఏం కావాలని అడగలేదు. ఊళ్ళో నడిబొడ్డున ఒక ముసలావిడ ఊరికే కూర్చోవడానికి పాలరాయి మాల్ కట్టాల్సి వచ్చింది చూడండి. మున్సిపాలిటీ వాళ్ళు చౌరస్తాలో నాలుగు మంచి బెంచీలు, ఒక శుభ్రమైన బాత్రూం కట్టిస్తే ఈ మాల్ వాళ్ళ గిరాకీలో సగం పడిపోతుందని నా అనుమానం.

భోజనానికి తమ్ముడే పై హోటల్‌కు తీసుకెళ్ళాడు. పల్లెటూరి పేరు, పట్నం ధరలు. ఆరు సకినాలు, పక్కన ఒక బుల్లి గిన్నెలో పల్లీ చట్నీ, 240 రూపాయలు. ఇంట్లో పండక్కి అమ్మ చుట్టిన సకినాలు ఇంకా డబ్బా నిండా ఉన్నాయి. ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "వాము తక్కువైంది" అని మిగిలిన సగం పళ్ళెంలో పెట్టేసింది. సర్వపిండిని పిజ్జా లాగా ముక్కలు కోసి నల్లరాయి పలక మీద తెచ్చారు. చిన్ని ఇంట్లో చేస్తే ముట్టదు, ఇక్కడ నాలుగు ముక్కలు తిన్నది. మటన్ మాత్రం నిజంగానే బాగుంది, ఆ మాట దాచకూడదు.

బిల్లు వచ్చింది. సరుకుది 3,640. దాని మీద సర్వీస్ చార్జి 10 శాతం, 364. ఆ రెండూ కలిపి దాని మీద మళ్ళీ జీఎస్టీ. నేను మేనేజర్‌ను పిలిచాను. తమ్ముడు బల్ల కింద నా కాలు తొక్కుతూనే ఉన్నాడు, "అక్కా, వదిలెయ్యరాదు" అని. సర్వీస్ చార్జి దానంతట అదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అది సరైనదే అన్నది. అదే చెప్పాను. మేనేజర్ వాదించలేదు, కొత్త బిల్లు తెచ్చాడు, 3,822. అంత తేలిగ్గా తీసేశాడంటే రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారన్నమాట. వడ్డించిన అబ్బాయిని, "ఆ పది శాతం నీకు వస్తుందా?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. రెండు వందలు అతని చేతిలోనే పెట్టాను. తమ్ముడికి కోపం, బిల్లు కట్టింది వాడైతే పేరు నాకు వచ్చిందని.

అమ్మ బిల్లు తీసుకుని చాలాసేపు చూసి, "పిల్ల ఎత్తు బెల్లం గింతకు రాలే గదనే" అంది.

పార్కింగ్ దగ్గర నలభై రూపాయలు అడిగారు. షాపింగ్ చేసిన బిల్లు పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువుంటే ఫీజు తీసుకోకూడదని 2018లో వచ్చిన జీవో సంగతి చెప్పబోతున్నాను. పొద్దటి సెక్యూరిటీ అబ్బాయి వచ్చి, "బంగారం బండి అన్నా అది" అని గేటు కట్టె ఎత్తించాడు. జీవో అవసరం పడలేదు. కిటికీ దగ్గరకు వంగి అమ్మతో మాట్లాడాడు. వాళ్ళది తాడ్వాయి పక్కన ఊరు, మేడారం నడిచి వెళ్ళేంత దగ్గర. జాతరకు సెలవు అడిగితే ఆ వారం ఇక్కడ ఫ్యామిలీలు ఎక్కువొస్తాయి, కుదరదన్నారట. "చిన్న ముక్క ఇయ్యరాదమ్మా, కండ్లకద్దుకుంట" అన్నాడు.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "తల్లులకు చూపియ్యకముందు ఇయ్యద్దు బిడ్డా. వచ్చినంక ప్రసాదం తెచ్చిస్త."

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం అయింది. బాపు వరండాలో కూర్చుని ఉన్నారు. రిటైరైన తెలుగు పండితుడు కదా, బిల్లు సంగతి చెప్పగానే క్రీడాభిరామంలోని పద్యం ఎత్తుకున్నారు. కాకతీయుల ఓరుగల్లులో ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా వీధులు తిరిగే కథ అది. అందులో పూటకూళ్ళ ఇంట్లో సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు చక్కెర, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. అన్నీ కలిపి ఒక్క రూక. "సర్వీస్ చార్జి ఉన్నదా బాపూ?" అని చిన్ని అడిగింది. బాపు ఆలోచించి, పద్యంలో లేదన్నారు.

సంచులు దింపేటప్పుడు చూస్తే డిక్కీ రబ్బరు వెంట చీమల బారు. ఏ బేస్‌మెంట్‌లో ఎక్కాయో. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో పీట వేసి, పీట మీద సంచులు పెట్టాం. మాల్ నుంచి మేం తెచ్చింది ఏమైనా ఉందంటే అమ్మ చేతిసంచిలో హోటల్ వాళ్ళ గుడ్డ లాంటి కాగితం రుమాళ్ళు నాలుగు, మడతపెట్టి.

ఇప్పుడు పదిన్నర. లైటు తీసేద్దామని వెళ్తే అమ్మ ఇంకా మేలుకునే ఉంది.

"ఆ పిలగానిది పొద్దటి డ్యూటీ అన్నడా, రాత్రి డ్యూటీ అన్నడా?"