పదిహేడో పోర్టు

మా కాలేజీలో నెట్‌వర్క్ పని అంటే ల్యాబ్ ఇన్‌చార్జ్ ఉద్యోగానికి తోకలా తగిలించిన పని. ఒక సోమవారం పొద్దున్నే ఇంటర్నెట్ లేదు, ప్రింటర్ లేదు, హాజరు సర్వర్ లేదు. వెళ్లి చూస్తే కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టె, అదే స్విచ్, దాని లైట్లన్నీ ఒకే తాళానికి టపటపా కొట్టుకుంటున్నాయి. ఎక్కడో లూప్ పడింది, అంటే కేబుల్ దారి చుట్టు తిరిగి మళ్లీ మొదటికే వచ్చి కలిసింది. ఇంటర్నెట్‌లో తిరిగే ఐపీ ప్యాకెట్‌కి ఉన్నట్టు, కేబుల్ మీద వెళ్లే డేటా మూటకి, అంటే ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి, ఆయుష్షు లెక్క ఉండదు. అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ ఒక్కటి లూప్‌లో చిక్కితే ఎవరో వైరు పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది. మావి అన్నీ సెట్టింగ్‌లేవీ లేని మామూలు అన్‌మేనేజ్డ్ స్విచ్‌లు, ఏ పోర్టులో గొడవో చెప్పలేవు. ఒక్కో కేబులూ పీకి చూసేసరికి మధ్యాహ్నం దాటింది.

రెండేళ్లుగా కదలని ఫైలు మీద ప్రిన్సిపాల్ గారు ఆ సాయంత్రమే సంతకం పెట్టారు. 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ వచ్చింది.

మొదట వీల్యాన్‌లు, అంటే ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు, పెట్టాను: ల్యాబ్‌కి 10, ఆఫీసుకి 20, కెమెరాలకి 30. ఫ్రేమ్ ఏ వీల్యాన్‌దో చెప్పే 802.1క్యూ ట్యాగ్‌లో ఈ నంబరుకి 12 బిట్లు ఉంటాయి కాబట్టి 4094 దాకా వాడుకోవచ్చు. మాకు మూడే ఎక్కువ. బ్రౌజర్‌లో ఒక్కో పోర్టునూ దాని వీల్యాన్‌లోకి మారుస్తూ, నా ల్యాప్‌టాప్ ఉన్న పోర్టుని కూడా 20లో వేసి అప్లై కొట్టాను. పేజీ చచ్చిపోయింది. నేను 20లోకి వెళ్లిపోయాను, స్విచ్ ఐపీ అడ్రస్ ఇంకా వీల్యాన్ 1లోనే ఉంది మరి. కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటే ఇదే.

వెబ్ పేజీ ఉండగా ఇదెందుకని డబ్బాలోనే వదిలేసిన కన్సోల్ కేబుల్, నెట్‌వర్క్‌తో పని లేకుండా స్విచ్‌లోకి నేరుగా వెళ్లే వైరు, అప్పుడు గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు లేదు. బజారుకెళ్లి యూఎస్‌బీ కన్వర్టర్ తెచ్చి, 9600 స్పీడులో కలిపితే గానీ లోపలికి వెళ్లలేకపోయాను.

మర్నాడు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ఎప్పుడో పోయాయని అప్పుడే తెలిసింది. కరెంటు వచ్చాక స్విచ్ కొత్త పెళ్లికూతురిలా, నేను చేసిందేమీ ఎరగనట్టు లేచింది. అప్లై కొడితే మార్పు అప్పటికి నడుస్తుందంతే. స్విచ్ ఆగి లేచినా నిలవాలంటే సేవ్ బటన్ వేరే. పేజీలో పైన మూలన బియ్యపు గింజంత ఉంది! మొత్తం మళ్లీ చేశాను. ఈసారి కాన్ఫిగ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కూడా దించుకున్నాను.

లూప్‌లు ఆపడానికి స్పానింగ్ ట్రీ ఆన్ చేస్తే ఇంకో తలనొప్పి. పాత పద్ధతిలో పోర్టు తెరుచుకోవడానికి 30 సెకన్లు పడుతుంది. ఈలోగా అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ కోసం చూసి చూసి కొన్ని సిస్టమ్‌లు తమంతట తామే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టేసుకున్నాయి. కంప్యూటర్లు ఉన్న పోర్టుల్ని ఎడ్జ్ పోర్టులుగా, అంటే ఆగకుండా వెంటనే తెరుచుకునేలా, మార్చాక కుదుటపడింది. వాటికి లూప్ డిటెక్షన్ కూడా పెట్టాను. స్విచ్ తను పంపిన పరీక్ష ఫ్రేమ్ అదే పోర్టుకి తిరిగొస్తే ఆ పోర్టుని మూసేస్తుంది.

పది రోజులకి స్టాఫ్ రూమ్ నుంచి ఫోన్, నెట్ లేదని. మిగతా కాలేజీ అంతా మామూలుగానే ఉంది. లాగ్ తెరిస్తే "పోర్టు 17, లూప్" అని ఉంది. వెళ్లి బల్ల కింద చూశాను. చిన్న ఐదు పోర్టుల స్విచ్, దానికి ఒకే కేబుల్ రెండు కొసలూ గుచ్చి ఉన్నాయి.

"వైరు కొస కిందపడి ఉంటే నేనే పెట్టాను సార్, ఎవరి కాలికైనా తగులుతుందని" అన్నాడు అటెండర్.