నాలుగుంపావుకే సందె

నేను పనికి వెళ్లే గ్రీన్ లైన్ రైలు లాంగ్‌వుడ్ ఆసుపత్రుల స్టాపుకి సరిగ్గా ఒక స్టాపు ముందు బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ దగ్గర ఆగుతుంది. తొమ్మిదేళ్లుగా అక్కడ తలుపులు తెరుచుకోవడం, నలుగురు దిగడం, మళ్లీ తలుపులు మూసుకోవడం చూస్తున్నాను. మొదటి మూడేళ్లు ఒక్కసారి కూడా దిగలేదు. టికెట్ ధర ఒక కారణం. మధ్యాహ్నం మూడింటి షిఫ్టుకి రొప్పుకుంటూ వెళ్లే మనిషికి బొమ్మలతో ఏం పని అన్న మొండితనం రెండో కారణం.

ఒక డిసెంబరు రోజున పంటి డాక్టరు పని తొందరగా అయిపోయి గంటన్నర మిగిలింది. మా అమ్మాయి బడి పని కోసం గ్రంథాలయం నుంచి తెచ్చిన రాయితీ పాసు సంచిలోనే ఉంది. బయట చలి. దిగాను.

లోపలికి వెళ్లాక ఎవరైనా చేసే పనే చేశాను. ముందు మన బొమ్మలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ వెళ్లాను. ఆ గదుల వెనక కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి ఉన్నారని అప్పటికి నాకు తెలియదు. 1917 నుంచి, 1947లో కన్నుమూసేదాకా, ఆయన ఈ మ్యూజియంలోనే పని చేశారు. ఆ 1917లోనే నందికేశ్వరుడి నాట్య గ్రంథం అభినయ దర్పణం ఇంగ్లీషు అనువాదం హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రచురణగా వచ్చింది. దాని మీద కుమారస్వామి పేరు పక్కన ఉన్న రెండో పేరు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యది. మాది చీరాల. 1921లో పురపాలక పన్ను కట్టబోమని జనం ఇళ్లకి తాళాలు వేసి, ఊరవతల రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్న కథ వింటూ పెరిగినవాళ్లం. ఆ పాకల నాయకుడి పేరు, అంతకు నాలుగేళ్ల ముందే, ఈ చార్లెస్ నది అవతలి ఒడ్డున అచ్చయిందని తెలిసిన రోజున ఇంటికి ఫోను చేసి నాన్నతో చెప్పాను. "ఆయన ఎక్కడికి వెళ్లినా వెళ్తాడమ్మా" అన్నారు నాన్న, ఆంధ్రరత్న మా వీధి చివర ఇంట్లోనే ఉంటున్నట్టు.

తిరిగి వస్తూ దారి తప్పాను. అమెరికా కళల విభాగంలో ఒక మలుపు తిరగగానే ఎదురుగా ఆ సాయంత్రం కనపడింది.

మూడున్నర అడుగుల ఎత్తు, అయిదు అడుగుల వెడల్పు. చైల్డ్ హాసమ్ అనే అమెరికన్ చిత్రకారుడు 1885-86లో వేసిన బోస్టన్ కామన్, సంధ్యవేళ. ఎడమపక్క ట్రెమాంట్ వీధి. ఎర్ర ఇటుక మేడలు, అప్పుడే వెలిగిన దీపాలు, ఒకదాని వెనక ఒకటి చిక్కుబడిన గుర్రపు ట్రాములు. కుడిపక్క బోస్టన్ కామన్ పార్కు. మంచు పరుచుకున్న నేల, ఆకులు రాలిన చెట్ల వరస, ఆ కొమ్మల వెనక దిగిపోతున్న పొద్దు. రెండింటికీ మధ్య కాలిబాట. దాని అంచున, మనకి దగ్గరగా, నల్లటి కోటు వేసుకున్న తల్లి, పక్కన ఇద్దరు పిల్లలు. చిన్నది చేయి చాచి పిట్టలకి ఏదో వేస్తోంది.

నాకు ఆ పిట్టలు పిచ్చుకలే. మా అమ్మమ్మ వసారాలో దూలానికి వరికంకుల కుచ్చు కట్టేది. కోతలయ్యాక కట్టిన కుచ్చు సంక్రాంతి నాటికి ఒట్టి గడ్డి అయ్యేది. అమెరికాకి పిచ్చుకలు కూడా బయటినుంచి వచ్చినవే. 1850ల మొదట్లో ఇంగ్లండు నుంచి తెచ్చి న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్‌లో వదిలారు. వాటికి వీసా గొడవ లేదు కాబట్టి దేశమంతా పాకాయి.

కానీ నన్ను అక్కడ నిలబెట్టింది పిట్టలు కాదు, ఆ వేళ. ఆ వేళంటే నాకు భయం.

నేను 2009లో మా వారి వెనక డిపెండెంట్ వీసా మీద వచ్చాను. గుంటూరులో ల్యాబ్‌లో నాలుగేళ్లు చేసి వచ్చినదాన్ని, ఇక్కడ జీతం తీసుకునే ఏ పనీ చేయడానికి లేదు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి సాయంత్రం అనేది మధ్యాహ్నం మీద పడిపోతుంది. డిసెంబరు రెండో వారంలో బోస్టన్‌లో నాలుగూ పన్నెండుకల్లా పొద్దు గుంకుతుంది. మా ఊళ్లో అది బడి నుంచి వచ్చి ఇంకా చెప్పులు విడవని వేళ. చీకటి పడితే చీకటే అనుకోవచ్చు. కానీ ఆ ముందర అరగంట ఉంటుంది, అది దాటడం కష్టం. మంచు మొదట గులాబీ రంగు అవుతుంది, తర్వాత నీలం, తర్వాత బూడిద. దీపాలు పెట్టే వేళ. అమ్మతో ఒక్క మాట మాట్లాడితే బాగుండును అనిపించే వేళ. అప్పుడు చీరాలలో తెల్లవారుజామున రెండూ నలభై. శీతాకాలంలో మనకీ వాళ్లకీ పదిన్నర గంటల తేడా. ప్రపంచంలో నాకు తెలిసిన వాళ్లందరూ నిద్రలో ఉండగా నాకు సందె పడేది.

ఒకసారి ఆ వేళకి పడుకుండిపోయి, లేచి రాత్రి ఫోను చేస్తే అమ్మ గొంతులోనే కనిపెట్టింది. "అసురసంధ్య వేళ ఆ పడక ఏమిటే? లేచి ముఖం కడుక్కుని దీపం పెట్టు." అపార్ట్‌మెంట్‌లో పొగ వస్తే అలారం మోగుతుందని, చిన్న బ్యాటరీ దీపం పెట్టేదాన్ని.

2014-15 శీతాకాలం ఈ నగరం రికార్డుల్లోనే అత్యధికంగా మంచు పడిన శీతాకాలం, 110 అంగుళాలు దాటింది. మా అమ్మాయికి మూడేళ్లు దాటాయి. దాన్ని తీసుకుని బోస్టన్ కామన్‌కి వెళ్లేదాన్ని. కారణమేమీ లేదు, ఇంట్లో ఉండలేక. దారి పక్క మంచు దానికంటే ఎత్తుగా ఉండేది. బ్రెడ్డు ముక్కలు పిట్టలకి వేసేది. నేను నల్ల కోటు వేసుకుని పక్కన నిలబడేదాన్ని. అవతల ట్రెమాంట్ వీధిలో ఆఫీసులు వదిలాక జనం మెడలు కోట్లలోకి దించుకుని నడిచి వెళ్లేవారు. ఎక్కడికో వెళ్లాల్సిన పని ఉన్న నడక అది. వాళ్లని చూసి అసూయపడ్డానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

హాసమ్ బొమ్మ ముందు నిలబడితే ఈ రెండు పక్కలూ ఒక్కసారిగా కనపడ్డాయి. కుడిపక్క నెమ్మది, ఎడమపక్క తొందర. బొమ్మని ఎంతో ప్రశాంతంగా ఉందని పొగుడుతారు. సగమే నిజం. ఆ తల్లి ముఖం సగం పక్కకి తిరిగి ఉంటుంది, ఆమె ఏమనుకుంటోందో ఎవరూ చెప్పలేరు. మంచి కోటు ఉన్నంత మాత్రాన సాయంత్రం గడిచిపోదు. ఇక ట్రాముల్లో ఉన్నవాళ్లకి, వాటిని తోలేవాళ్లకి చిత్రకారుడు ముఖాలే ఇవ్వలేదు.

2015 మే 26 నుంచి, గ్రీన్ కార్డు దారిలో ఒక మెట్టు దాటినవారి భార్యాభర్తలు పని చేసుకోవచ్చన్న నిబంధన అమల్లోకి వచ్చింది. ఆ తేదీని మా పెళ్లి తేదీ కంటే గట్టిగా గుర్తుపెట్టుకున్నానని మా వారు దెప్పుతుంటారు. చదువు కాగితాలు లెక్కగట్టించి, అమెరికన్ సొసైటీ ఫర్ క్లినికల్ పాథాలజీ పరీక్ష రాసి, 2016లో ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబ్‌లో చేరాను. దొరికింది మూడింటి నుంచి రాత్రి పదకొండున్నర దాకా ఉండే షిఫ్టు. పగటి షిఫ్టు పాతవాళ్లది. ఈ షిఫ్టులో ఉండేది మేమే. ఫిలిప్పీన్స్, ఇథియోపియా, నేపాల్, నేను, అందరికీ పెద్దదిక్కుగా హైతీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ.

మా ల్యాబ్‌కి కిటికీలు లేవు. వెలుగులో లోపలికి వెళ్తాం, నడిరేయి బయటికి వస్తాం. నేను భయపడ్డ ఆ అరగంటని ఉద్యోగం మింగేసింది. మొదట్లో అదే పెద్ద వరం అనుకున్నాను.

పని గురించి ఒక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ బొమ్మలో ఆకాశాన్ని నేను గుర్తుపట్టింది దానివల్లనే. రక్తం ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలు అడుగుకి దిగి, పైన లేత గడ్డి రంగు ద్రవం తేరుతుంది. అది పసుపుగా ఉంటే నిశ్చింత. రక్తం తీసేటప్పుడు సూది దగ్గర ఇబ్బంది జరిగినా, ట్యూబుని గట్టిగా కుదిపినా ఎర్ర కణాలు చిట్లి ఆ ద్రవం గులాబీ రంగుకి తిరుగుతుంది. కణాల లోపలి పొటాషియం బయట పడి, రోగికి లేని ప్రమాదం ఉన్నట్టు అంకె చూపిస్తుంది. కాబట్టి గులాబీ కనపడితే ఆగాలి. ట్యూబు లైటుకి ఎత్తి పట్టుకుని ఇది ఎంత గులాబీ అని చూసుకోవడం రోజూ ఉన్న పని. ఇప్పుడు యంత్రమే కొలిచి చెబుతుంది. అయినా చేయి దానంతటదే పైకి లేస్తుంది. హాసమ్ ఆకాశం కింది అంచున, కొమ్మల వెనక, పసుపు గులాబీలోకి తిరిగే చోటు ఒకటుంది. మళ్లీ రక్తం తీసి పంపమని ఫోను చేయాల్సిన రంగు. బొమ్మ ముందు నవ్వాను. పక్కనున్న ఒకాయన నా వైపు చూసి నాలుగడుగులు దూరం జరిగాడు.

ఫోను అనేసరికి ఇంకొకటి. చేరిన రెండో నెలలో ఒక రోగి ప్లేట్‌లెట్లు పదిహేను వేలకి పడిపోయాయని వార్డుకి చెప్పాలి. ఫిఫ్టీన్ అన్నాను. అవతల ఫిఫ్టీ అని విన్నారు. విన్నది తిరిగి చదివి వినిపించాలన్న నియమం ఉంది కాబట్టి తప్పు అక్కడే దొరికింది, లేకపోతే తలుచుకోవడానికే భయం. చేతులు వణుకుతుంటే హైతీ పెద్దావిడ వచ్చి, ఇకమీదట అంకెలు విడదీసి చెప్పు, వన్, ఫైవ్ అని, అంది. ఆవిడకీ ఇరవై ఏళ్ల కిందట ఎవరో అలాగే నేర్పారట. అప్పటి నుంచి కూరగాయల కొట్లో కూడా నేను అంకెలు విడదీసే చెబుతాను.

హాసమ్ గురించి తర్వాత చదివాను. పుట్టింది ఇక్కడే, డోర్చెస్టర్‌లో, 1859లో. 1872లో బోస్టన్‌ని తగలబెట్టిన పెద్ద అగ్నిప్రమాదంలో వాళ్ల నాన్న వ్యాపారం పోయింది. చదువు మానేసి ఒక ప్రచురణ సంస్థ లెక్కల విభాగంలో చేరి మూడు వారాలే నిలిచాడు. తర్వాత చెక్క అచ్చులు చెక్కే పనిలో కుదిరాడు. హార్షమ్ అన్న ఇంటిపేరు నోళ్లలో నలిగి హాసమ్ అయింది. పేరు విని, రంగు చూసి, అరబ్బు దేశాల వాడనుకునేవారట. ఆయన కాదనకపోగా సంతకం పక్కన నెలవంక గీసేవాడు. నా పేరుని ల్యాబ్‌లో నాలుగు రకాలుగా పిలుస్తారు. నెలవంక గీసుకునేంత హాస్యం నాకింకా రాలేదు.

ఈ బొమ్మ వేసేనాటికి ఆయన ఇంకా పారిస్‌లో చదువుకోలేదు. 1886లో వెళ్లి, 1889లో తిరిగి వచ్చాకే వెలుగుని ముక్కలు ముక్కలుగా అద్దే ఇంప్రెషనిజం పద్ధతి పూర్తిగా పట్టుబడింది. కాబట్టి ఇది అసలు ఇంప్రెషనిజమే కాదనే పండితులూ ఉన్నారు. ఉండనీయండి. తర్వాత న్యూయార్క్‌లో ఆయన వేసిన ఐదో అవెన్యూ బొమ్మల్లో వెలుగు ఎక్కువ, వేళ తక్కువ. నాకు ఇదే ఎక్కువ.

ఆ చిక్కుబడిన ట్రాములకి ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. గుర్రాలు పోయి 1889 నుంచి కరెంటు ట్రాములు వచ్చాయి, రద్దీ ఇంకా పెరిగింది. ఇక పైన చోటు లేక, వీధి కింద తవ్వి, 1897 సెప్టెంబరు 1న ట్రాములని భూమిలోకి దించారు. అమెరికాలో మొదటి సబ్‌వే అది. క్విన్సీ నుంచి రెడ్ లైన్‌లో వచ్చి నేను రోజూ గ్రీన్ లైన్‌కి మారే పార్క్ స్ట్రీట్ స్టేషన్ ఆ సొరంగంలోదే. అంటే బొమ్మలో ఎడమపక్కనున్న వాళ్లని ఆ వీధి కిందికి పంపేశారు. నేనూ అక్కడే ఉన్నాను, ఆ కాలిబాటకి కొన్ని అడుగుల కింద, భుజానికి అన్నం డబ్బాల సంచితో.

కిందటి డిసెంబరులో ఒక శనివారం మా అమ్మాయిని ఆ బొమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. తొమ్మిదో తరగతికి వచ్చింది, నాకంటే అంగుళం ఎత్తు. పిట్టలకి బ్రెడ్డు వేసిన సంగతి దానికి గుర్తు లేదు. బొమ్మని చాలాసేపు చూసి, "ఆ చిన్న పాప చేతిలో ఏముందమ్మా?" అని అడిగింది. ఇద్దరం దగ్గరికి వంగాం. దగ్గరికి వెళ్తే చేయీ లేదు, ముక్కా లేదు, రంగు పూతలు మాత్రమే. కాపలా అతను వెనక్కి జరగమన్నాడు.

రెండూ ముప్పావుకి బయటికి వచ్చాం. నేను ఇటు వైపు రైలెక్కాను, అది అటు. పని వారాంతాల్లోనూ ఉంటుంది. ఏడింటికి భోజనం వేళ ఫోను తీసి చూస్తే నాలుగూ పద్నాలుగుకి పంపిన ఫోటో ఒకటి ఉంది. కామన్‌లో చెట్లు, వాటి వెనక ఆకాశం. కింద రాసింది: "పిచ్చుకలు లేవు అమ్మా. ఉడుతలు ఉన్నాయి. పెరుగన్నం తిన్నావా?"

ఫోటోని లైటు వైపు ఎత్తి చూశాను. బాగా గులాబీ.