నీళ్ళు మోయడం మానేశాక

మా అక్వేరియంలో నీళ్ళు మార్చడానికి ప్రతి ఆదివారం నాకు రెండున్నర గంటలు పట్టేది. పోయినేడు సంక్రాంతికి ముందు ఒక ఆదివారం, మూడో బకెట్ బాత్‌రూమ్ గుమ్మం దగ్గర దింపి, వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. నడుము లేవలేదు. అత్తయ్య వచ్చి చెయ్యి పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టరు ఎక్స్‌రే చూసి ఆరు వారాలపాటు ఐదు కిలోలకు మించి ఏదీ ఎత్తొద్దన్నారు. నిండు బకెట్ పద్దెనిమిది కిలోలు.

మాది విశాఖపట్నం. మావారు మర్చంట్ నేవీలో ఇంజనీరు. ఏడాదిలో ఆరేడు నెలలు ఓడ మీదే ఉంటారు. ఈ ఉప్పునీటి ట్యాంకు ఎనిమిదేళ్ళ క్రితం ఆయన ముచ్చటపడి పెట్టించారు. ఆయన లేనప్పుడు చూసుకునేది నేను. మొదట్లో అది ఆయన వస్తువు అనుకునేదాన్ని. ఇప్పుడు పొద్దున లేవగానే బ్లూ టాంగ్ చేప రాతి సందులోంచి తల బయటపెట్టిందో లేదో చూస్తేగానీ కాఫీ పెట్టుకోను.

ట్యాంకు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. గాజు కొలతల లెక్కన 680 లీటర్లు. దాని కింద స్టాండులో మరో చిన్న గాజు తొట్టి ఉంటుంది, దాన్నే సంప్ అంటారు. పైనుంచి పొంగిన నీళ్ళు అందులోకి దిగుతాయి, అక్కడ నురగతో మురికి తీసే స్కిమ్మర్, ఫిల్టర్లు దాటి, ఒక పంపు మళ్ళీ పైకి తోస్తుంది. రాళ్ళూ ఇసుకా పోను, సంప్ కూడా కలుపుకుంటే తిరిగే నీళ్ళు సుమారు 650 లీటర్లు. క్లౌన్ ఫిష్ రెండు, బ్లూ టాంగ్, పచ్చటి ఫాక్స్‌ఫేస్, మూడు డామ్సెల్స్, రెండు క్లీనర్ రొయ్యలు, కొన్ని నత్తలు. పగడాలు లేవు. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఆ జోలికి మేం పోలేదు.

నడుం పట్టేసిన ఆ రోజు తర్వాత ఐదు వారాలు నీళ్ళు మార్చలేదు. చేపల మలం, మిగిలిన మేత ముందు అమ్మోనియాగా, తర్వాత నైట్రైట్‌గా, చివరికి నైట్రేట్‌గా మారతాయి. ఆ పని బాక్టీరియా చేస్తుంది. కానీ నైట్రేట్‌ను తీసేసే దారి మా ట్యాంకులో నీళ్ళు మార్చడం ఒక్కటే. మాకు నైట్రేట్ వారానికి దాదాపు 4 పాయింట్లు (లీటరుకు మిల్లీగ్రాములు) పెరుగుతుంది. వారానికి పది శాతం నీళ్ళు మారిస్తే 40 దగ్గర నిలబడేది. ఐదు వారాలకు టెస్ట్ కిట్‌లో రంగు ముదిరి 60కి చేరింది. రాళ్ళ మీద గోధుమరంగు నాచు, గాజు మీద జిడ్డు. చేపలు తింటూనే ఉన్నాయి కానీ ఫాక్స్‌ఫేస్ పసుపు వెలిసిపోయినట్టు కనిపించేది. రాత్రుళ్ళు ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. జీతానికి మనిషిని పెట్టుకుని బకెట్లు మోయించాలా, చేపల్ని ఎవరికైనా ఇచ్చేయాలా అని ఆలోచించాను.

వీడియో కాల్‌లో మావారితో చెబితే ఆయన అన్నమాట నాకు అలాగే గుర్తుండిపోయింది. "మేం ఓడలో నిలకడకోసం నింపే వేల టన్నుల బ్యాలస్ట్ నీళ్ళు మారుస్తాం, ఒక్క బకెట్ మోయం. నీ పనిలో ఎక్కడెక్కడ ఎత్తుతున్నావో, దించుతున్నావో కాగితం మీద రాయి."

రాశాను. ట్యాంకులోంచి పాత నీళ్ళు బకెట్లోకి, బకెట్ బాత్‌రూమ్‌కి. ఆర్ఓ నీళ్ళు క్యాన్లలోకి, క్యాన్లు టబ్బు దగ్గరికి. అక్వేరియం ఉప్పు కలిపాక టబ్బులోంచి బకెట్లోకి, బకెట్ హాల్లోకి, హాల్లో బకెట్ భుజం ఎత్తుకి లేపి ట్యాంకులోకి. 65 లీటర్లు మార్చడానికి నేను మోస్తున్నది దాదాపు 200 కిలోలు. ఆ కాగితం చూసి కళ్ళు తిరిగాయి.

మొదటి మార్పుకు రూపాయి ఖర్చు కాలేదు. అసలు పై ట్యాంకు ముట్టుకోవలసిన అవసరమే లేదు. తిరుగు పంపు ఆపేస్తే పై ట్యాంకులో నీళ్ళు ఒక గీత దాకా దిగి ఆగిపోతాయి, సంప్‌లో 170 లీటర్ల దాకా చేరతాయి. మార్చవలసిన నీళ్ళు అక్కడే, నేల మీదే ఉన్నాయి. సంప్ గాజు మీద మార్కర్‌తో రెండు గీతలు గీశాను. పై గీత నుంచి కింది గీత దాకా తోడేయాలి, మళ్ళీ పై గీత దాకా కొత్త నీళ్ళు నింపాలి, పంపు వేయాలి. చేపలకు తెలియను కూడా తెలియదు. ఎనిమిదేళ్ళు నేను స్టూలు ఎక్కి పైనుంచి పోశాను.

తోడటానికి చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు, దానికి పైపు, పైపు కొస బాత్‌రూమ్ నహానీ ట్రాప్‌లో. దీంతో బయటికి మోసే పని పోయింది. మిగిలింది లోపలికి తెచ్చే పని.

అత్తయ్య ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారు. "సముద్రం పక్కనే పెట్టుకుని ఉప్పు కొనుక్కోవడం ఏంటమ్మాయ్?" నాకూ ఆశ పుట్టింది. అక్టోబరులో వానలు తగ్గాక ఆర్కే బీచ్ నుంచి ఒక సీసా తెచ్చి, నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్ కింద పెట్టాను. 27 వచ్చింది. సముద్రపు నీళ్ళు సగటున వెయ్యికి 35 వంతులు ఉప్పుండాలి. వానాకాలం అయ్యాక గంగ, మహానది లాంటి నదుల మంచినీళ్ళు బంగాళాఖాతంలో కలిసి, తీరం వెంబడి దక్షిణానికి దిగే ప్రవాహంతో మన వైపు వస్తాయని మావారు చెప్పారు. పైగా నగరంలోని గెడ్డలు (వాగులు, మురుగు కాలువలు) ఆ తీరంలో కలుస్తాయి, పక్కనే హార్బరు. నెలకో రకంగా మారే నీళ్ళతో మూసి ఉన్న ట్యాంకును నడపలేం. అత్తయ్యకు ఆ సంఖ్య చూపించాను. అప్పటినుంచి ఆ మాట ఎత్తలేదు.

కాబట్టి ఆర్ఓ నీళ్ళే. మా అపార్ట్‌మెంట్‌లో మునిసిపల్ నీళ్ళూ బోరు నీళ్ళూ కలిసి వస్తాయి, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) 500 పైమాటే. వంటింటి ప్యూరిఫయర్ నీళ్ళు సరిపోవా అని చాలామంది అడుగుతారు. వాటిలో రుచికోసం కొంత ఖనిజం వదిలేస్తారు, ట్యాంకుకు టీడీఎస్ సున్నా కావాలి. అందుకే ఆర్ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ గొట్టం పెట్టించాం. మా ఇంట్లో గంటకు ఎనిమిది లీటర్లు వస్తాయి. ఒక లీటరుకు మూడు లీటర్లు వృథాగా పోతాయి. ఆ నీళ్ళు డ్రమ్ములో పట్టి ఇల్లు తుడవడానికీ, బాత్‌రూమ్‌లకూ వాడుతున్నాం.

వెనక యుటిలిటీ బాల్కనీలో రెండు 200 లీటర్ల డ్రమ్ములు పెట్టాలనుకున్నాను. ఒకటి ఆర్ఓ నీళ్ళకి, ఒకటి ఉప్పు కలిపేందుకు. నిండితే నాలుగు వందల కిలోలు. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ స్లాబు మీద అంత బరువు సరేనా అని ముందు అపార్ట్‌మెంట్ కట్టిన ఇంజనీరుగారిని పిలిచి చూపించాను. దూలం మీదకు వచ్చేలా గోడ వారగా పెట్టమన్నారు. ఈ ఒక్క విషయం ఎవరూ దాటేయకండి. డ్రమ్ముల సంగతీ అంతే. పాత నీలం డ్రమ్ములు సగం ధరకు దొరుకుతాయి, కానీ అంతకుముందు వాటిలో ఏ కెమికల్ పోశారో మనకు తెలియదు. ఆహార పదార్థాలకు వాడే రకం కొత్తవే కొన్నాను.

ప్లంబరు వచ్చాడు. బాల్కనీ డ్రమ్ము నుంచి హాల్లో సంప్ దాకా నలభై అడుగులు, ముప్పావు అంగుళం పైపు, గోడ అడుగున స్కర్టింగ్ వెంబడి. ఎల్బోలు, టీ, రెండు బాల్ వాల్వులు, విప్పుకోవడానికి యూనియన్లు. సామాను పరిచినప్పుడు డ్రమ్ము కుళాయీ, మరలున్న జాయింట్లూ ఇత్తడివి కనిపించాయి.

"ఇవి వద్దు బాబూ, అన్నీ ప్లాస్టిక్‌వే వేయి."

"మేడమ్, ఇత్తడిదైతే పదేళ్ళు ఢోకా ఉండదండి. ప్లాస్టిక్‌ది మర ఎక్కించేటప్పుడే చిట్లిపోద్ది."

"ఇత్తడిలో రాగి ఉంటుంది. ఉప్పునీళ్ళలో అది దిగితే నా రొయ్యలు, నత్తలు బతకవు."

అతను కాసేపు ట్యాంకు ముందు నిలబడి రొయ్యల్ని చూశాడు. ఇంకేమీ అనకుండా వెళ్ళి అన్నీ మార్పించుకొచ్చాడు. కరెంటు పనికి వచ్చినతను పంపుల లైనుకు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ వేరే పెట్టాడు. అదీ అవసరమే.

మొదటి ఆదివారం కలలా గడిచింది. ముందురోజు 180 లీటర్ల ఆర్ఓ నీళ్ళలో పంపు వేసి, వంటింటి కాటా మీద తూచిన ఆరున్నర కిలోల పైచిలుకు ఉప్పు కొద్దికొద్దిగా చల్లాను. నీళ్ళలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు, అలా పోస్తే కాల్షియం తెల్లగా అడుగుకు దిగిపోతుంది. తెల్లారేసరికి నీళ్ళు తేటపడ్డాయి. వాల్వు తిప్పి పంపు వేశాను. అత్తయ్య హాల్లో సంప్ దగ్గర కూర్చుని "చాలు" అనగానే ఆపాను. మొత్తం పద్దెనిమిది నిమిషాలు.

రెండో ఆదివారం వాల్వు తిప్పగానే హాలంతా కుళ్ళిన గుడ్డు వాసన. ఆ పైపు కడుపులో దాదాపు నాలుగు లీటర్ల ఉప్పునీళ్ళు వారమంతా గాలి తగలకుండా నిలిచిపోయాయి. సముద్రపు నీళ్ళలో సల్ఫేటు ఎక్కువ, గాలి లేనిచోట బాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. అదృష్టం కొద్దీ పైపు కొస ఇంకా బకెట్లోనే ఉంది. ఆ నీళ్ళు సంప్‌లో పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. ప్లంబరును మళ్ళీ పిలిచి, పైపును ఒకవైపుకు వాటంగా దింపి, పల్లపు కొసలో మరో వాల్వు పెట్టించాను. ఇప్పుడు పని అయ్యాక రెండు చెంబుల ఆర్ఓ నీళ్ళతో పైపు కడిగి, ఖాళీ చేసి వదిలేస్తాను.

వేసవిలో మావారు ఒక అడుగు ముందుకేసి రెండు గొట్టాల డోసింగ్ పంపు పంపించారు. రోజూ ఒక గొట్టం తొమ్మిది లీటర్లు తీసేస్తుంది, మరొకటి తొమ్మిది లీటర్లు పోస్తుంది. ఆదివారం కూడా ముట్టుకోనక్కర్లేదు. రెండు నెలలు నిజంగానే ముట్టుకోలేదు. ఆ రెండు నెలల్లో ట్యాంకులో ఉప్పు ఎంతుందో కూడా కొలవలేదు. అదే తప్పు.

ఆగస్టులో ఒకరోజు నత్తలన్నీ ఒకచోట కదలకుండా పడి ఉన్నాయి. ఒక రొయ్య మూడు రోజులుగా కనపడలేదు. రిఫ్రాక్టోమీటర్ చూస్తే 31. దాన్ని ఉప్పు సరిగ్గా 35 ఉండే ద్రావణంతో సరిచేసి మళ్ళీ చూశాను. 31 మాటే నిజం. రెండు గొట్టాల కొసలూ కొలత గ్లాసుల్లో పెట్టి పట్టి, రోజుకు ఎంతవుతుందో లెక్క కట్టాను. బయటికి తొమ్మిది లీటర్లు సరిగ్గా పోతున్నాయి, లోపలికి ఏడుంపావే వస్తున్నాయి. దూరం నుంచి లాగే గొట్టం పంపు రోలర్ల కింద నలిగి మెత్తబడింది. లోటును ఎవరు పూడ్చారు? ఆటో టాపప్ అనే పరికరం. ఆవిరైన నీళ్ళకు బదులు మంచినీళ్ళు పోయడమే దాని పని. నీటిమట్టం తగ్గితే ఎందుకు తగ్గిందో దానికి తెలియదు. రోజూ రెండు లీటర్లకు కాస్త తక్కువ ఉప్పునీళ్ళ జాగాలో మంచినీళ్ళు పోసుకుంటూ పోయింది. మట్టం గీత మీదే ఉంది కాబట్టి నాకు అనుమానం రాలేదు. అలాగే వదిలేస్తే 28 దగ్గరికి దిగేదని మావారు లెక్క వేసి చెప్పారు.

ఒక్కసారిగా ఉప్పు పెంచకూడదు. డోసింగ్ పంపు తీసేసి, ఆటో టాపప్ బకెట్లో మంచినీళ్ళకు బదులు కలిపిన ఉప్పునీళ్ళు పోశాను. మా ట్యాంకులో రోజుకు ఆరు లీటర్లు ఆవిరవుతాయి. ఆ లెక్కన రోజుకు మూడో వంతు పాయింటు కంటే తక్కువే పెరుగుతుంది. పదమూడు రోజులు పొద్దున, సాయంత్రం కొలిచి గోడ క్యాలెండరు మీద రాశాను. 35 చేరిన మర్నాడు మంచినీళ్ళకు మారాను. కనపడని రొయ్య తిరిగి రాలేదు. రెండోది నాలుగు రోజుల తర్వాత కుబుసం విడిచి, బ్లూ టాంగ్ మొప్పలు శుభ్రం చేస్తూ కనిపించింది.

డోసింగ్ పంపు ఇప్పుడు అటక మీద ఉంది. గొట్టాలు ఆరు నెలలకోసారి మార్చి, వారం వారం రెండిటినీ కొలిచే ఓపిక ఉన్నవాళ్ళకు అది మంచి వస్తువే. నాకు మాత్రం ఆదివారం వాల్వు తిప్పడమే నయం అనిపించింది. ఆ ఇరవై నిమిషాల్లో ఉప్పు చూస్తాను, స్కిమ్మర్ కప్పు కడుగుతాను, ఎవరు తింటున్నారో ఎవరు దాక్కున్నారో చూస్తాను. పని తేలికయ్యాక వారానికి 65కు బదులు 100 లీటర్లు మారుస్తున్నాను. నైట్రేట్ 26 చుట్టుపక్కలే ఉంటోంది. మే నెలలో కొత్త నీళ్ళు 30 డిగ్రీలుంటే 26 డిగ్రీల ట్యాంకు ఏమవుతుందోనని భయపడేదాన్ని. 100 లీటర్లకు ట్యాంకు వేడి అర డిగ్రీ, మహా అయితే ముప్పావు డిగ్రీ మారుతుంది, అంతే.

ఇసుకలో చిక్కుకున్న మురికి మాత్రం సంప్ దారిన బయటికి రాదు. దానికి నెలకోసారి పై ట్యాంకులో సైఫన్ గొట్టం పెట్టక తప్పదు. ఆ గొట్టం రెండో కొస కూడా ఇప్పుడు బకెట్లోకి కాక, నేరుగా బాత్‌రూమ్‌లోకి పోయేంత పొడవు కొన్నాను. మొన్న మావారు సెలవుకు వచ్చినప్పుడు ఆదివారం పొద్దున్నే అలవాటుగా రెండు బకెట్లు తెచ్చి హాల్లో పెట్టారు. వాటిని తీసి బాల్కనీలో బోర్లించి, ఆయన్ని వాల్వు దగ్గరికి తీసుకెళ్ళాను.