గట్టింగ్ డైరీ: అమలాపురంలో మా మేడమీది గది నుంచి

జూన్, కాలేజీ తెరిచిన వారం

గట్టింగ్ మెషిన్ వచ్చింది, అంటే షటిల్ రాకెట్‌కి గట్ (అల్లే తీగ) బిగించేది. రాజమండ్రిలో ఒక కోచ్ వాడి పక్కన పెట్టేసిన డ్రాప్ వెయిట్ (దిమ్మ బరువుతో గట్ లాగే) మెషిన్ ఇది. ఆర్టీసీ కార్గోలో అమలాపురం దాకా వస్తే, అక్కడి నుంచి ఆటోలో ఇంటికి తెచ్చాం. మనకి రైలు లేదు, కోటిపల్లి-నరసాపురం లైను ఇంకా పూర్తి కాలేదు, కాబట్టి బరువు సామాను ఏదైనా బస్సు మీదో లారీ మీదో రావాల్సిందే. డబ్బులో సగం నేను ట్యూషన్లు చెప్పి కూడబెట్టింది, సగం నాన్న ఇచ్చారు. "షాపులో వందకో నూటయాభైకో చేస్తారు కదే, దానికి ఇంత మెషినా?" అని అమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. అప్పటికి నవ్వి ఊరుకున్నాను.

నేను బీఎస్సీ రెండో సంవత్సరం. ఆటల పిచ్చి మాత్రం ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఉంది. చిన్నప్పుడు కొబ్బరి మట్ట చెక్కి చేసిన బ్యాట్‌తో తోటల్లో క్రికెట్, హైస్కూల్లో ఖోఖో, ఇంటర్లో వాలీబాల్, ఇప్పుడు సాయంత్రాలు షటిల్. దేంట్లోనూ జిల్లా స్థాయి దాటలేదు. ఇక దాటనని ఇంటర్లోనే అర్థమైంది, అందుకు పెద్దగా బాధ కూడా పడలేదు. మ్యాచ్ జరుగుతుంటే నా చూపు ఆడేవాళ్ళ మీద కన్నా పక్కనున్న వాళ్ళ మీదకే ఎక్కువ పోతుంది. స్కోరు షీటు రాసేవాళ్ళు, లైన్ జడ్జీలు, గేముకీ గేముకీ మధ్య పరుగెత్తుకొచ్చే ఫిజియో. వీళ్ళందరికీ ఆటలోనే అన్నం దొరుకుతోంది కదా! నాకూ ఆటలోనే బతకాలని ఉంది, ఆడటం ఒక్కటే దానికి దారి అని ఎవరన్నారు?

రాకెట్‌కి గట్టింగ్ చెయ్యడం ఆ వరసలో నా చేతికి అందిన మొదటి పని.

మెషిన్ గురించి రాసి పెట్టుకోవాల్సినవి: కడ్డీ మీద ఒక దిమ్మ ఉంటుంది. దాన్ని జరిపితే టెన్షన్, అంటే గట్‌ని లాగే బిగువు, మారుతుంది. కడ్డీ నేలకి సమాంతరంగా ఆగినప్పుడే స్కేలు మీద అంకె నిజం. కిందికి వాలిపోతే కడ్డీ ఎత్తి, గట్‌ని కొంచెం బిగించి మళ్ళీ వదలాలి. పాత మెషిన్ స్కేలుని గుడ్డిగా నమ్మకూడదు కాబట్టి, లగేజీ తూచే డిజిటల్ కాటాని గట్ ముక్కతో కట్టి సరిచూశాను. 22 పౌండ్లంటే 9.98 కిలోలు, 24 అంటే 10.9, 26 అంటే 11.8. ఈ మెషిన్ అర పౌండు తక్కువ లాగుతోంది. దిమ్మ ఎక్కడ పెడితే ఎంతొస్తుందో స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టేశాను.

కరెంటు మెషిన్లు వేరే ఉన్నాయి, పని త్వరగా అవుతుంది. చేత్తో తిప్పే క్రాంక్ రకం కూడా ఉంది కానీ అది ఒకసారి అంకె తగలగానే లాక్ అయిపోతుంది. ఆ తర్వాత గట్ సాగితే సాగినంత టెన్షన్ పోయినట్టే. దిమ్మ అలా కాదు, లాగిన గట్‌ని పట్టి ఉంచే క్లాంపు వేసేదాకా లాగుతూనే ఉంటుంది. నిదానం తప్ప దీనికి వంక పెట్టడానికేం లేదు.

జులై

మా వీధి చివర ఒక తాతగారు ఉన్నారు. కుర్రతనంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు, తన రాకెట్లే కాక టీమందరి రాకెట్లకీ గట్టింగ్ చేసేవారు. గోదావరి జిల్లాల్లో ఆ ఆటకి ఉన్న క్రేజు మా అమ్మమ్మలని అడిగితే చెబుతారు. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకి ఐదుగురు, 24 మీటర్ల పొడవు 12 మీటర్ల వెడల్పు మట్టి కోర్టు. ఆయన చేతుల్లో మెషినేమీ ఉండేది కాదట, కర్ర ఫ్రేము, చెక్క మేకులు, చేతి బలం. నా మెషిన్ చూసి, "ఇన్ని మరలెందుకమ్మా?" అన్నారు. "కార్బన్ ఫ్రేము కదండీ తాతగారూ, ఒక్క పక్కన బలం ఎక్కువైతే విరిగిపోతుంది" అన్నాను. "ఆయ్, అలాగా" అని ముందుకు వంగి కూర్చున్నారు. అప్పట్నుంచి ఆదివారాలు ఆయనకి మా మేడే కాలక్షేపం.

నిజంగానే ఈ పనిలో భయపడాల్సింది ఫ్రేముకే. నిలువు గట్లు లాగుతుంటే రాకెట్ తల పొడవు తగ్గి వెడల్పు పెరుగుతుంది, అడ్డం గట్లు వేశాక మళ్ళీ దాని ఆకారానికి వస్తుంది. అందుకే నిలువులన్నీ వేసి, మిగిలింది రేపు చూద్దాంలే అని లేచి వెళ్ళకూడదు. నిలువులు 22. మధ్యలోంచి మొదలుపెట్టి కుడీ ఎడమా మార్చుకుంటూ వెళ్ళాలి, ఒక పక్క రెండు మూడు గట్లకి మించి ముందుకు పోకూడదు. అడ్డాలకి నిలువుల కన్నా ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ పెడితే తల ఆకారం నిలుస్తుంది.

తెగిన గట్ తీసేటప్పుడు కూడా ఇదే లెక్క. ఒక గట్ తెగితే మిగతావన్నీ ఇంకా బిగువుగా ఒక పక్కకి లాగుతూనే ఉంటాయి. వెంటనే కట్ చేసెయ్యాలి, అది కూడా మధ్య నుంచి బయటికి, ఒక నిలువూ ఒక అడ్డమూ చొప్పున. తెగిన రాకెట్‌ని అలాగే కిట్ బ్యాగులో వారం రోజులు ఉంచి తెచ్చేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. అందులో ఒకటైతే గట్ తీశాక చూస్తే తల ఎడమకి వాలి ఉంది. ఎక్కడో షాపులో ఫ్రేముని పట్టి ఉంచే మెషిన్ ఆధారాలు సరిగ్గా బిగించకుండా లాగేశారు. చెయ్యనని చెప్పి పంపించేశాను. విరిగితే ఆఖరున పట్టుకున్నవాళ్ళదే పేరు కదా.

అడ్డం అల్లికే అసలు పని. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి, ఇలా 21 వరసలు. తాతగారు చూసి, "నులక మంచం అల్లడం వచ్చిన వాళ్ళకి ఇది రావాలి తల్లీ" అన్నారు, చూపించారు కూడా. ఎడమ చేత్తో నిలువుల్ని కింద నుంచి నొక్కుతూ కుడి చేత్తో కొస తోస్తుంటే గట్ దానంతటదే జారుకుంటూ పోతుంది. కొసని ఏటవాలుగా కత్తిరించుకుంటే కన్నాల్లోకి సులువుగా దూరుతుంది. పొడవాటి గట్‌ని ఒకే చోట గీరుకునేలా లాగకూడదు, పైకీ కిందికీ ఊపుతూ లాగాలి, లేకపోతే వేడికి నిలువు గట్ మీద కోత పడుతుంది. కన్నం ఇరుకైతే ఆరెతో (మొనదేలిన పనిముట్టు) మెల్లిగా వెడల్పు చెయ్యొచ్చు కానీ, మొన లోపలున్న గట్‌కి తగిలిందా, అది రెండు రోజుల్లో అక్కడే తెగుతుంది.

మొదట్లో ఒక్కో రాకెట్‌కి రెండు గంటలు పట్టేది.

సెప్టెంబర్

వానలు. గదిలో గోడలే చెమర్చుతున్నాయి. నైలాన్ తేమ పీల్చుకుంటుంది, అందుకని రీలుని మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా సంచులతో పెట్టాను. క్లాంపుల పళ్ళని రాకెట్ రాకెట్‌కీ స్పిరిట్‌తో తుడుస్తున్నాను, జిడ్డు పడితే జారతాయి. మన దగ్గర ఆటగాళ్ళకి చేతి చెమట పెద్ద సమస్య. రబ్బరు గ్రిప్పు పావుగంటలో తడిసి ముద్దవుతుంది. టవల్ గ్రిప్ చుట్టి ఇస్తే చాలామంది మళ్ళీ అదే అడుగుతున్నారు. వారానికోసారి మార్చకపోతే వాసన మాత్రం భరించలేం.

అక్టోబర్ ఆఖరు

28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తోటల్లో చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, కాలేజీకి సెలవు. ఇంటి పనులయ్యాక పగటి వెలుగులో కిటికీ పక్కన కూర్చుని పెండింగ్ రాకెట్లు పూర్తి చేశాను. కరెంటు మెషిన్ కొనలేదని అంతకు ముందు నన్ను వెక్కిరించిన మా బావ, ఆ వారం టార్చి పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

డిసెంబర్

ఇప్పుడు ముప్పావు గంటలో ఒక రాకెట్ అవుతోంది. 200 మీటర్ల రీలు కొంటున్నాను, రాకెట్‌కి పది మీటర్ల చొప్పున దాదాపు ఇరవై వస్తాయి. విడి ప్యాకెట్ల కన్నా బాగా చౌక. ఎక్కువగా 0.70 మిల్లీమీటర్ల గట్టే వేస్తున్నాను. 0.63, 0.65 సన్నవి మోత బాగుంటాయి, షటిల్ చటుక్కున వెళ్తుంది, కానీ రోజూ ఆడేవాళ్ళ చేతిలో ఎక్కువ కాలం ఉండవు. కాలేజీ కుర్రాళ్ళ జేబుకి లావుదే సరి.

వచ్చేవాళ్ళలో సగం మందికి ఒకటే కోరిక: "అక్కా, ముప్ఫై పౌండ్లు వెయ్యి." కారణం తెలిసిందే. సాత్విక్ సాయిరాజ్ మన అమలాపురం వాడు. 2023లో 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన స్మాష్‌తో గిన్నిస్‌కెక్కాడు, అదే ఏడాది చిరాగ్ శెట్టితో కలిసి ఏషియన్ గేమ్స్ బంగారు పతకం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. ఇటు రావులపాలెంలో పుట్టిన కిదాంబి శ్రీకాంత్ 2018లోనే సింగిల్స్‌లో నంబర్ వన్ అయ్యాడు. పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఇద్దరు నంబర్ వన్లు! ఇక పిల్లలు ఇరవై రెండు పౌండ్లతో ఊరుకుంటారా?

నేను మాత్రం ఊరుకోమనే చెబుతున్నాను. టెన్షన్ పెరిగేకొద్దీ గట్ ఊతం తగ్గుతుంది, షటిల్‌ని వెనక లైను దాకా పంపే బలం మొత్తం మన చెయ్యే ఇవ్వాలి. నడిమధ్య సరిగ్గా తగిలితేనే షాటు, కొంచెం పక్కకి తగిలితే మోచేతికి నొప్పి. కొత్తవాళ్ళకి 20 నుంచి 23, కొన్నేళ్ళుగా ఆడుతున్నవాళ్ళకి 24 నుంచి 26. ముందు రాకెట్ మెడ దగ్గర ఫ్రేము మీద రాసిన గరిష్ఠం చూడాలి. దానికి మించి ఎవరడిగినా వెయ్యను. వేసిన మర్నాటికే టెన్షన్ కొంత దిగుతుందని, రాకెట్‌ని ఎండలో బండి మీద వదలొద్దని కూడా చెప్పి పంపుతున్నాను. ఎవరిది ఏ గట్, నిలువు అడ్డం ఎంతెంత, ఏ తేదీ, ఎక్కడ తెగింది అన్నీ నోటుబుక్కులో ఉన్నాయి. పై అంచున తెగితే షటిల్ ఫ్రేము దగ్గర తగులుతోందని అర్థం, నడుమ తెగితే గట్ అరిగిపోయిందని. ఆ పేజీ చూపించి ఒకబ్బాయి ఆట గురించి వాళ్ళ కోచ్‌తో మాట్లాడాను. ఆయన నా మాట విన్నారు! ఆ రోజు కలిగిన సంతోషం నేను ఆడి గెలిచిన ఏ మ్యాచ్‌లోనూ కలగలేదు.

షటిల్స్ రేటు మాత్రం మండిపోతోంది, ఈకల కొరతట. ఒక్కో షటిల్‌కి 16 ఈకలు, బాతువో హంసబాతువో, అన్నీ ఒకే వైపు రెక్కవి అయితేనే సరిగ్గా తిరుగుతుంది. కోతలయ్యాక చేలల్లో దిగే బాతుల మందల్ని ఈసారి కొంచెం వేరే చూపుతో చూశాను. బెంగాల్లో ఉలుబేరియా వాళ్ళు బాతు ఈకలతో షటిల్స్ చేసి బతుకుతున్నారు, మనకి బాతులు తక్కువా? సరే, ఒక్క పిచ్చి చాలు ప్రస్తుతానికి.

కొన్న షటిల్స్ డబ్బాని పరీక్షించే పద్ధతి: వెనక గీత మీద నిలబడి కింద నుంచి పూర్తి బలంతో కొడితే, అవతలి వెనక గీతకి 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. డబ్బా మీద వేగం నంబరు ఉంటుంది, అది తగ్గితే షటిల్ నిదానం. మా దగ్గర చలికాలం 77 నంబరు, ఎండలు ముదిరితే 76. వేడి గాలిలో షటిల్ ఎక్కువ దూరం పోతుంది.

జనవరి, కనుమ వెళ్ళాక

పండక్కి పక్క ఊళ్ళో షటిల్ టోర్నమెంటు పెట్టారు. మెషిన్‌ని బావ బండి మీద కట్టి తీసుకెళ్ళాను. కొబ్బరి చెట్ల మధ్య ఫ్లడ్ లైట్లు, పక్కనే కోడిపందేల గోల, వెనకాల బజ్జీల బండి. నా టేబుల్ స్కోరర్ పక్కన. సెమీస్‌కి ముందు ఒక డబుల్స్ జోడీ గట్ తెగింది. మ్యాచ్ మొదలవడానికి గంట ఉంది. చుట్టూ జనం మూగి "ఆడపిల్ల బాగా లాగుతుందే" అంటుంటే చేతులు వణకలేదు కానీ చెవులు వేడెక్కాయి. ముడి వేసే చివరి గట్‌కి రెండు పౌండ్లు ఎక్కువ లాగాను, ముడి దగ్గర కొంత జారుతుంది కాబట్టి. రాకెట్ వాళ్ళ చేతికిస్తే ఆ అన్నయ్య అరచేత్తో గట్ మీద కొట్టి, మోత విని, తల ఊపి వెళ్ళిపోయాడు. ఓడిపోయారు, అది వేరే సంగతి.

పెద్ద టోర్నమెంట్లలో స్ట్రింగర్లకి, అంటే గట్టింగ్ చేసేవాళ్ళకి, ప్రత్యేకంగా బూత్ ఉంటుంది. ఆటగాళ్ళు ఒక్కొక్కరు నాలుగైదు రాకెట్లు ఇస్తారు, అన్నిటిలోనూ చేతికి ఒకే ఫీలింగ్ రావాలి. అక్కడికి చేరాలంటే నా పనిలో ఇంకా నిలకడ రావాలి. ఒకే రాకెట్‌కి ఒకే గట్ వేసి, మోతని ఫోన్ యాప్‌తో కొలిచి రాస్తున్నాను. ఒక దానికీ ఇంకో దానికీ తేడా తగ్గుతోంది, పూర్తిగా పోలేదు.

ఇంట్లో కూర్చుని లెక్కేశాం. గట్టింగ్ మీదే బతుకు అంటే నాన్న ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. డిగ్రీ అయ్యాక పీఈసెట్ (ప్రవేశ పరీక్ష) రాసి రెండేళ్ళ బీపీఈడీ, అంటే వ్యాయామ విద్య డిగ్రీ. ఆ తర్వాత పటియాలా ఎన్ఐఎస్‌లో (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా మీద కన్నుంది. ఈ లోపు లైన్ జడ్జీగా జిల్లా టోర్నమెంట్లలో కూర్చోవాలి. సాత్విక్ వాళ్ళ నాన్నగారు, కీర్తిశేషులు, కూడా పీఈటీ (వ్యాయామం) మాస్టారుగా చేసినవారే కదా అని అమ్మకి గుర్తు చేశాను. "అయితే నువ్వు సాత్విక్‌వా, వాళ్ళ నాన్నవా?" అంది. "ఎవరి గట్ తెగినా వచ్చేది నా దగ్గరికే" అన్నాను.

పీఈసెట్‌లో ఫిజికల్ టెస్టులు ఉంటాయి కాబట్టి సోమవారం నుంచి పొద్దున్నే కాలేజీ గ్రౌండులో పరుగు, షాట్‌పుట్. గ్రామెట్ల (ఫ్రేము కన్నాల్లో పెట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు) ప్యాకెట్ అయిపోవచ్చింది, ఆర్డర్ పెట్టాలి. ఎడమ క్లాంపు స్ప్రింగు వదులైంది, తాతగారు తన పాత పెట్టెలో ఒకటి ఉందంటున్నారు. సరిపోతే వచ్చే ఎంట్రీలో రాస్తాను.