హూ, విచ్ కనిపిస్తే ముందు వెనక్కి చూడండి

ఉద్యోగ పరీక్ష రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచీ ఒంగోలు, కావలి స్టడీ హాళ్లలోని తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడిగేది ఒకటే: ఎర్రర్ స్పాటింగ్, అంటే ఇంగ్లీషు వాక్యంలో తప్పు కనిపెట్టే ప్రశ్నలు, ఎలా పట్టాలి? ముందు యాంటిసీడెంట్ అనే ఒక్క మాట పట్టుకోండి. అది తెలియకుండా వంద రూల్స్ బట్టీ పట్టినా పరీక్షలో అక్కరకు రావు.

లాటిన్‌లో ‘యాంటె’ అంటే ముందు, ‘కేడెరె’ అంటే వెళ్లడం. ముందు నడిచేది యాంటిసీడెంట్. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులో చేరింది. గ్రామర్‌లో హూ, విచ్, దట్ ఏ నామవాచకం గురించి వస్తాయో అదే వాటి యాంటిసీడెంట్.

తెలుగు మీడియం వాళ్లం దెబ్బతినేది ఇక్కడే. ‘ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్లే బస్సు’ అంటాం. వివరం ముందు, బస్సు చివర. ఇంగ్లీషులో బస్సు ముందొస్తుంది, ‘విచ్ గోస్ టు నెల్లూర్’ తర్వాతొస్తుంది. వెనక్కి చూసే అలవాటు మన కంటికి లేదు.

‘షీ ఈజ్ వన్ ఆఫ్ ద గర్ల్స్ హూ హ్యాజ్ క్వాలిఫైడ్.’ వన్ ఉంది కదాని హ్యాజ్ కరెక్టే అనిపిస్తుంది. హూ చుట్టూ సున్నా చుట్టి, వెనక్కి బాణం గీయండి. క్వాలిఫై అయింది ఎవరు? గర్ల్స్. కాబట్టి హ్యావ్. అదే ‘ద ఓన్లీ వన్ ఆఫ్ ద గర్ల్స్’ అని ఉంటే ఆ ఒక్కమ్మాయే, అప్పుడు హ్యాజ్. పరీక్ష కంప్యూటర్ మీద, అక్కడ బాణాలు గీయలేం, అందుకే ఇప్పుడే కాగితం మీద రోజుకు పది వాక్యాలు గీయాలి. పండగైనా సరే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష సీజీఎల్ మొదటి దశ టియర్ వన్‌లో ఒక్కో తప్పుకు 0.50 మార్కు పోతుందని మర్చిపోవద్దు.

ఈ కేడెరె కుటుంబం మాటల స్పెల్లింగ్‌లూ చూడండి. వీటిలో చివర ‘ceed’ అని డబుల్ ఈ వచ్చేవి మూడే: ఎక్సీడ్, ప్రొసీడ్, సక్సీడ్. ప్రిసీడ్‌కు రాదు, ప్రొసీజర్‌కూ రాదు. సూపర్‌సీడ్‌లో సి బదులు ఎస్ ఎందుకంటే, దాని మూలం కూర్చోవడం అనే ‘సెడేరె’. ఎదురు అనే అర్థమున్న గ్రీకు ‘యాంటీ’తో యాంటెను కలిపేయకండి. ఏఎంలో ఏ అంటే యాంటె, మధ్యాహ్నానికి ముందు. యాంటిసిపేట్ మోసం చేస్తుంది: రాసేది ఐతోనే, మూలం మాత్రం యాంటె.

సెలెక్టయ్యాక ఇదే మాట బహువచనంలో ఎదురవుతుంది: క్యారెక్టర్ అండ్ యాంటిసీడెంట్స్ వెరిఫికేషన్. ఇక్కడ అర్థం మీ గతం. ఈ వెరిఫికేషన్ కోసం నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి అడిగితే, కొట్టేసిన కేసైనా సరే, ఉన్నదున్నట్టు రాయండి. ఉద్యోగంలో చేరేటప్పుడు కేసుల సంగతి దాచడం గురించిన అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే, ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, ఏదీ దాచకూడదు అని.